పరదాలక్క పిల్లికి శీతాకాలం లేదు

ఆ వీధిలో అందరూ ఆమెను పరదాలక్క అంటారు. వయసులో పెద్దవాళ్ళకూ ఆమె అక్కే. ఒకసారి ఎనభై ఏళ్ళు దాటిన ముసలాయన మూడంతస్తుల మెట్లెక్కి, గుమ్మంలో రొప్పుతూ నిలబడి, "పరదాలక్క అంటే నువ్వేనా తల్లీ?" అని అడిగాడు. "నేనే తాతగారూ. ముందు కూర్చుని కాసిని మంచినీళ్ళు తాగండి. మీ కిటికీ ఎక్కడికీ పారిపోదు" అందామె.

ఇరవై ఆరేళ్ళుగా ఆమె కుట్టేది పరదాలే. ఒంటిమీది బట్టలు కుట్టమంటే రెండు చేతులూ జోడించేస్తుంది. "మనిషికి కుడితే చంకలో పట్టిందంటాడు, నడుం దగ్గర వదులంటాడు. ఏడాది తిరిగేసరికి లావెక్కి మళ్ళీ వస్తాడు. కిటికీకి ఆ రోగం లేదు" అంటుంది.

ఇల్లూ, పనీ ఒకే పొడవాటి గదిలో. ఒక చివర పొయ్యి, మంచం. రెండో చివర రెండు మంచాలంత బల్ల, మిషను, గోడవారగా నిలబెట్టిన గుడ్డ తానులు. ఉన్న ఒక్క కిటికీ పక్క మేడ గోడను చూస్తూ ఉంటుంది. అందుకని కప్పుకు నాలుగు పొడుగు ట్యూబులైట్లు బిగించారు. నల్లగుడ్డ మీద నల్లదారం కనపడాలి కదా. పొద్దున ఆరింటికి వేసిన లైట్లు రాత్రి తొమ్మిదయ్యేదాకా ఆరవు. కుట్టడం అయిపోయిన తెల్లటి పల్చటి పరదాలు తాళ్ళ మీద వేలాడుతుంటే, లోపలికి వచ్చినవాళ్ళకు మబ్బులోకి అడుగుపెట్టినట్టు ఉంటుంది. బయట ఏ నెల నడుస్తోందో, పొద్దు పొడుగో పొట్టో ఆ గదికి తెలియదు.

ఆమె భర్త లిఫ్టులు బాగుచేస్తాడు, వీధికి ఆయన లిఫ్టాయన. ఊళ్ళో ఎత్తైన మేడలన్నిటి లోపలా చీకటి బావుల్లాంటి దారులున్నాయి, ఆయన పగలంతా వాటిలోనే. సాయంత్రం గ్రీజు వాసనతో ఇంటికొస్తాడు. మాట్లాడితే నోట్లోంచి ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. పిల్లలు కలగలేదు. పెళ్ళయిన కొన్నేళ్ళకే ఆ సంగతి మీద ఇద్దరూ కలిసి ఒక దుప్పటి కప్పేశారు, మళ్ళీ ఎత్తి చూడలేదు. ఆమె పుట్టిన ఇంట్లోనూ అంతే. అమ్మా, పిన్నీ, అత్తయ్యలూ ఒంటి సంగతులు చెప్పుకోవాల్సి వస్తే గొంతు తగ్గించి, సగం మాట చెప్పి, మిగతా సగం కళ్ళతో పూర్తిచేసేవాళ్ళు. ఆ సగం మాటలతోనే ఆమె పెద్దదైంది, ఆ సగం మాటలతోనే యాభై రెండేళ్ళూ నిండాయి.

గుండీ వచ్చింది ఒక వేసవిలో. ఏదో మేడలో లిఫ్టు అడుగున ఉండే గుంటలోకి దిగినప్పుడు, నూనె మరకల మధ్య అరచేతిలో పట్టేంత పిల్లికూన ఒకటి ఆయనకు కనిపించింది. పనిముట్ల సంచిలో స్పానర్ల పక్కన దాన్ని పెట్టుకుని తెచ్చాడు. తెల్లగా ఉంది. ముక్కు మీద మాత్రం గుండ్రంగా నల్లమచ్చ, అచ్చం చొక్కా గుండీలా.

"ఏమండీ, దీన్నేం చేద్దామని?" అంది ఆమె.

"నువ్వే చూడు" అన్నాడాయన. ఆ రోజుకు ఆయన వాటా మాటలు అయిపోయాయి.

గుండీ తానుల మీద నిద్రపోయేది. సుద్దముక్కలను బల్ల కింద దొర్లించేది. మిషను నడుస్తుంటే ఆ చప్పుడుకు కళ్ళు అరమోడ్చి కూర్చునేది. మధ్యాహ్నాలు ఆమె అంచులు మడుస్తూ పిల్లితో ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేది. చిన్నప్పుడు చూసిన నది, ఎవరి ఇంట్లోనో చూసిన నీలం రంగు గోడ, కలలో కుట్టిన అంతులేని పరదా. పిల్లి వినేదో లేదో గానీ అడ్డు మాత్రం చెప్పేది కాదు.

చలికాలం నడిమధ్యన, పిల్లికి ఏడెనిమిది నెలలు ఉంటాయేమో, ఒక మధ్యాహ్నం అది ఉన్నట్టుండి నేల మీద పడి దొర్లడం మొదలుపెట్టింది. అంతవరకూ ఆమె ఎన్నడూ వినని గొంతుతో, చంటిబిడ్డ గుక్కపెట్టినట్టు అరిచింది. ముందుకాళ్ళు నేలకు ఆనించి, నడుము పైకెత్తి, తోక ఒక పక్కకు తిప్పి, వెనకకాళ్ళతో అక్కడికక్కడే తొక్కుతోంది. వీపు మీద చెయ్యి వేస్తే ఇంకా గట్టిగా అరిచింది. గిన్నెలో పెట్టింది పొద్దుటినుంచి ముట్టలేదు.

పరదాలక్క కుట్టు వదిలేసి లేచింది. సూది మింగేసింది! కుట్టుపని చేసేవాళ్ళ ఇంట్లో పిల్లికి వచ్చే మొదటి ఆపద అదే. దిండు మీద గుచ్చిన సూదులన్నీ లెక్కపెట్టింది. ఒకటి తక్కువ వచ్చింది. మళ్ళీ లెక్కపెడితే రెండు తక్కువ వచ్చాయి. ఆ కంగారులో లెక్క ఎక్కడ నిలుస్తుంది? పిల్లిని మూతబుట్టలో పెట్టి, భర్తకు ఫోన్ చేసి, నాలుగు వీధుల అవతల ఉన్న జంతువుల డాక్టరు దగ్గరికి పరుగెత్తింది. ఆయన పనిబట్టల్లోనే అక్కడికి చేరుకున్నాడు.

డాక్టరు ముప్పై ఏళ్ళు నిండని అమ్మాయి. చేతుల మీద మోచేతుల దాకా గోళ్ళ గీరలు. పిల్లిని బల్ల మీద నిలబెట్టి, కడుపు నొక్కి చూసి, తోక మొదట్లో వేళ్ళు ఆనించింది. పిల్లి వెంటనే నడుము ఎత్తి తొక్కడం మొదలుపెట్టింది. డాక్టరు నవ్వింది.

"సూదీ లేదు, దారమూ లేదమ్మా. మీ పిల్ల ఎదకొచ్చింది."

ఆ మాట గదిలో అంత పెద్దగా వినపడేసరికి పరదాలక్క చెవులు వేడెక్కాయి. లిఫ్టాయన గోడ మీది కుక్కపళ్ళ పటాన్ని మహా శ్రద్ధగా చదవసాగాడు.

"రక్తం... అదీ ఏమీ కనపడలేదే?" అంది ఆమె, సగం గొంతుతో.

"ఆడకుక్కలకు కనపడుతుంది. పిల్లులకు మామూలుగా కనపడదు. ఒకవేళ ఎప్పుడైనా కనపడితే మాత్రం అది జబ్బు, వెంటనే తీసుకురండి. ఇప్పుడు చూస్తున్నారే, ఈ అరుపు, ఈ దొర్లడం, ఇవే గుర్తులు. నొప్పి కాదు, మగపిల్లికి కబురు. ఓ వారం ఉంటుంది. జత దొరక్కపోతే తగ్గి, రెండు మూడు వారాల్లో మళ్ళీ వస్తుంది."

"చలికాలంలోనా? పిల్లులకు ఎండలు ముదిరే ముందు కదమ్మా..."

"మామూలుగా అంతే. పొద్దు పొడుగవుతుంటే వాటి ఒంటికి తెలుస్తుంది, ఎదకొస్తాయి. పొద్దు తగ్గితే ఊరుకుంటాయి. మీ ఇంట్లో లైట్లు ఎంతసేపు వెలుగుతాయి?"

పరదాలక్క చెప్పింది. డాక్టరు తల ఊపింది. "ఇంకేం. మీ పిల్లికి శీతాకాలం లేదమ్మా. ఏడాది పొడవునా వసంతమే. నాలుగు ట్యూబులైట్ల వసంతం."

ఆ మాట ఆమెకు చాలా నచ్చింది. తరవాత చెప్పింది మాత్రం అంతగా నచ్చలేదు. ఈ ఎద తగ్గాక, రెండు వారాలు ఆగి, ఆపరేషన్ చేయిస్తే మంచిదంది డాక్టరు. అండాశయాలు, గర్భసంచీ తీసేస్తారు. ఈ గొడవా ఉండదు, ముందుముందు రొమ్ముల్లో గడ్డలు, గర్భసంచిలో చీము లాంటి జబ్బుల భయమూ తగ్గుతుంది.

"ఒక్క కాన్పు అయ్యాక చేయిద్దామా డాక్టరమ్మా? పాపం, దానికీ ముచ్చట ఉంటుంది కదా."

"దానికి ముచ్చటా, మీకా?" అంది డాక్టరు మెత్తగా. "ఒక కాన్పు అవ్వాలనే నియమం ఎక్కడా లేదమ్మా. ఆగినకొద్దీ దానికి లాభం లేదు."

తేదీ రాసి ఇచ్చింది. పరదాలక్క ఆ చీటీని మిషను డ్రాయరులో, బాబిన్ల కింద పెట్టింది.

ఆ తేదీకి రెండు రోజుల ముందు ఊరి నాటకశాల వాళ్ళు వచ్చారు. వేదిక మీది తెర పాతబడి చిరిగిపోయింది, కొత్తది కావాలి. దానిమ్మగింజ రంగు మఖమలు, నలభై అడుగుల వెడల్పు. అంత పెద్ద పని ఆమె చేతికి ఎప్పుడూ రాలేదు. తానులు దిగేసరికి గదిలో సగం ఎర్రగా నిండిపోయింది. ఆపరేషన్ సంగతి తరవాత చూసుకుందామనుకుంది. మనసులో మరో మాట కూడా ఉంది, ఎవరికీ చెప్పలేదు. తనకు దక్కనిది దీనికైనా దక్కకుండా తన చేత్తో తీయించేయడం ఆమెకు మనస్కరించలేదు.

ఎద మళ్ళీ వచ్చింది, పోయింది, మళ్ళీ వచ్చింది. తెల్లవారుజామున గుండీ కిటికీ చువ్వలకు ఒళ్ళు రుద్దుకుంటూ అరిచేది. పక్క మేడ గోడ మీదకు మగపిల్లులు రెండు చేరి జవాబు చెప్పేవి. కింది వాటా ఆవిడ మెట్ల మీద ఎదురుపడి, "ఏం వదినా, మీ ఇంట్లో కచేరీ పెట్టారా?" అని మూతి విరిచింది. ఆ వారమే పక్షిగింజలూ చేపల మేతా అమ్మే కొట్టాయన ఒక మాత్రల పొట్లం ఇచ్చాడు. వారానికొకటి వేస్తే చాలు, నోరు మూసుకుంటుందన్నాడు. ఆమె వేసింది. నిజంగానే మూసుకుంది.

ఇక ఇంట్లో ఎంత నిశ్శబ్దమో! ఆ తరవాతి రెండు నెలలూ ఆమెకు కలలో గడిచినట్టు గడిచాయి. మఖమలును ఒకవైపు నిమిరితే చీకటి, రెండోవైపు నిమిరితే వెలుగు. ఒడి నిండా, బల్ల నిండా, నేల నిండా ఎర్రటి నీళ్ళు పరుచుకున్నట్టుంటే, వాటి నడుమ తెల్లటి పిల్లి పడవలా నిద్రపోయేది. కుచ్చులు పోస్తూ పోస్తూ ఆమెకు కళ్ళు మూతలు పడేవి. చేతులు మాత్రం వాటి పని అవి చేసుకుపోయేవి.

అప్పుడప్పుడు లోపల ఎవరో కొలిమి ఊదినట్టు మెడ నుంచి నెత్తిదాకా వేడి పాకేది. సూది పక్కన పెట్టి, చల్లటి కత్తెర చెంపకు ఆనించుకుని, అది దిగేదాకా కూర్చునేది. నెలసరి ఆగిపోయి ఏడాది దాటింది. ఆగిపోయిందనే అనుకుంది. చలికాలం మొదట్లో ఒక రోజు మళ్ళీ కొంచెం రక్తం కనపడింది. తరవాత ఇంకోసారి, ఆ తరవాత ఇంకోసారి. వయసు వెళ్ళిపోతూ వెనక్కి తిరిగి చూస్తోంది కాబోలులే అని నవ్వుకుని ఊరుకుంది. ఎవరికి చెప్పాలో తెలియలేదు. చెప్పడానికి ఆమె దగ్గర సగం మాటలే ఉన్నాయి.

ఎండలు మొదలయ్యాక గుండీ నీళ్ళు ఎక్కువగా తాగడం మొదలుపెట్టింది. గిన్నె నింపితే గంటలో ఖాళీ. వేడికి తాగుతోందనుకుంది. తిండి తగ్గింది. పొట్ట మాత్రం కాస్త గుండ్రంగా కనపడితే, ఒళ్ళు చేసిందనుకుని మురిసింది. అస్తమానం వెనకభాగం నాక్కుంటుంటే శుభ్రం ఎక్కువ మహాతల్లికి అనుకుంది. ప్రతిదానికీ ఆమె దగ్గర ఒక సర్దుబాటు ఉంది.

ఒక ఉదయం మఖమలు మడతలో చెయ్యి పెడితే తడి తగిలింది. బొట్టంత మరక, పసుపూ ఎరుపూ కలిసి, ముక్కు మూసుకునే వాసన. పిల్లి పిలిస్తే తల ఎత్తలేదు. ఎత్తుకుంటే గుడ్డముక్కలా చేతిమీద వాలిపోయింది. చెవులు కాలిపోతున్నాయి.

డాక్టరు ఈసారి నవ్వలేదు. పొట్ట మీద జిగురు రాసి స్కాను తెర మీద చూసింది. "గర్భసంచి నిండా చీము పట్టిందమ్మా. ఇవాళే తీయాలి. ముందు సెలైన్ ఎక్కించి, కాస్త తేరుకున్నాక మధ్యాహ్నం చేస్తాను. ఏమైనా మాత్రలు వేశారా?"

పరదాలక్క గోడను చూసింది, నేలను చూసింది. చివరికి చెప్పింది.

డాక్టరు సెలైన్ సీసా అందుకుంది. "ఎద ఆపే మాత్రలవి. అవి వాడితే ఈ జబ్బుకు దారి ఇచ్చినట్టే. వాడకపోయినా కొన్నిటికి వస్తుంది, ఎద అయిన కొన్ని వారాలకు. నీళ్ళు ఎక్కువ తాగడం, ముడుచుకుని పడుకోవడం, తిండి మానడం... లోపలిది బయటికి చెప్పుకుంటూనే ఉంటుందమ్మా. పిల్లులు ఎప్పటికప్పుడు నాకేసుకుంటాయి కాబట్టి మరక మన కంట పడదు." ఆమె ముఖం చూసి గొంతు మార్చింది. "మీరు కావాలని చేయలేదు. తీసుకొచ్చారు కదా. కూర్చోండి."

వరండాలో బల్ల మీద కూర్చుంది. ఎదుట పొడవాటి కిటికీకి పరదా లేదు. ఎండ నేల మీద నీళ్ళలా పారుతూ ఆమె కాళ్ళ దాకా వచ్చింది. లోపల పరికరాల చప్పుడు సన్నగా వినపడుతోంది. తను ఆ పిల్లి అరుపు వద్దనుకుంది. వద్దనుకున్నట్టే అరుపు పోయింది. చెప్పే నోరు మూసేసి, అంతా బాగుందని నిద్రపోయింది. అలా తలుచుకుంటూ ఉంటే కొలిమి మళ్ళీ రాజుకుంది, మెడ తడిసిపోయింది. ఆ వేడిలో ఎవరి ఒళ్ళు ఎవరిదో తెలియకుండా పోయినట్టు అనిపించింది. తలుపు అవతల బల్ల మీద పడుకుని ఉన్నది తనేనేమోనని ఒక క్షణం భయం వేసింది.

లిఫ్టాయన వచ్చి పక్కన కూర్చున్నాడు. ఆయన చేతిలో ఇంటినుంచి తెచ్చిన మంచినీళ్ళ సీసా ఉంది.

"ఏమండీ" అంది ఆమె. "నాకు మళ్ళీ రక్తం అవుతోంది. ఏడాది ఆగిపోయాక."

ఆ వాక్యం అంతా పూర్తిగా, మామూలు గొంతుతో వచ్చింది. ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ఆయన గోడ మీది పటం వైపు చూడలేదు. ఆమెనే చూశాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"ఐదు నెలలు."

సీసా మూత తీశాడు, పెట్టాడు, మళ్ళీ తీశాడు. "లిఫ్టు కొత్త చప్పుడు చేస్తే ఆ పూటే ఆపేస్తాం మేము. నడుస్తోంది కదా అని వదిలెయ్యం" అన్నాడు. సీసా ఆమెకు అందించి, "నేను అడగాల్సింది. కత్తెర చెంపకు పెట్టుకోవడం చూశాను. అడగలేదు" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన ఒక్క గుక్కలో అన్ని మాటలు మాట్లాడటం అదే మొదటిసారి. ఆమె నీళ్ళు తాగింది. ఇద్దరూ ఎండను చూస్తూ కూర్చున్నారు.

మూడు గంటలకు తలుపు తెరుచుకుంది. డాక్టరు మాస్కు గడ్డం కిందికి లాగి, "గట్టిపిండం. గుండె బాగా కొట్టుకుంటోంది" అంది. రెండు రోజులు అక్కడే ఉంచుకుంది. మూడోనాడు గుండీ కడుపు మీద కుట్లతో, అవి నాక్కోకుండా మెడకు కట్టిన అట్టగరాటుతో ఇంటికొచ్చింది. పరదాలక్క ఆ కుట్లను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఎంత సమంగా వేసిందో, నా దగ్గర పని నేర్చుకున్నట్టుంది" అంది. కొట్టాయన ఇచ్చిన పొట్లంలో మిగిలిన మాత్రలు పట్టుకెళ్ళి ఆయన కొట్టులోనే, నలుగురు కొనేవాళ్ళ ముందు, అవి ఏం చేశాయో వివరంగా చెప్పి వచ్చింది.

మర్నాడే భర్తతో కలిసి ఆసుపత్రికి వెళ్ళింది. స్కానులు, పరీక్షలు, పది రోజుల ఎదురుచూపు. గర్భసంచిలో వేలి కొసంత కండ పెరిగింది. దాన్ని తీసి పరీక్షకు పంపారు. చెడ్డదేమీ లేదని చీటీ వచ్చింది. "మళ్ళీ ఎప్పుడు కనపడినా ఐదు నెలలు ఆగకండి. ఆగిపోయాక కనపడిందంటే ఒక్కసారైనా సరే, రావాలి" అంది అక్కడి డాక్టరు. ఈసారి పరదాలక్క చీటీని బాబిన్ల కింద పెట్టలేదు, గోడకు గుచ్చింది.

నాటకశాల తెర మూడు వారాలు ఆలస్యమైంది. వాళ్ళు కోప్పడితే, "నాకూ, మా పిల్లికీ ఒంట్లో బాగాలేదు" అని ఉన్నది ఉన్నట్టు చెప్పింది. మరక పడిన వెడల్పు తీసేసి కొత్తది జోడించింది. ఆ రోజుల్లో లిఫ్టాయన సాయంత్రం తొందరగా వచ్చి, ఏడింటికల్లా నాలుగు లైట్లలో మూడు ఆర్పేసేవాడు. పిల్లి కోసం ఇప్పుడు ఆ అవసరమే లేదు, అయినా ఆర్పేవాడు. మిగిలిన ఒక్క వెలుగులో ఎర్రటి గుడ్డ నల్లబడి, గది మెల్లగా బయటి సాయంత్రంలో కలిసిపోయేది. ఇద్దరూ మంచం మీద కూర్చుని ఏవేవో చెప్పుకునేవాళ్ళు. ఒక సాయంత్రం, పుట్టకుండా పోయిన పిల్లల గురించి కూడా చెప్పుకున్నారు. ఎంత సేపు మాట్లాడారో ఇద్దరికీ గుర్తులేదు. పొయ్యి మీద పెట్టింది మాడిపోయింది.

వానలు పడ్డాక ఒక ఉదయం కింది వాటా ఆవిడ పైకొచ్చింది. కొంగు చాటున ఎదిగీ ఎదగని బూడిదరంగు పిల్లి.

"వదినా," అని తలుపు దగ్గరగా వేసి, గుసగుసగా అంది. "మాది కూడా ఎలాగో చేస్తోంది... అదే... మీకు తెలుసుగా..."

"ఎదకొచ్చిందా?" అంది పరదాలక్క, మెట్ల దాకా వినపడేలా. "ఎన్ని నెలలది? తిండి తింటోందా? మాత్రలేమీ వెయ్యలేదు కదా?"

ఆవిడ లేదన్నట్టు తల ఊపింది.

"అయితే భయం లేదు. ఉండు, చెప్పులు వేసుకుని వస్తా" అంటూ ఆమె మిషను మీది గుడ్డ దింపి, అలమర పైనుంచి మూతబుట్ట అందుకుంది.